భ్రమరాంబగారు ఉమ్మని ముద్దలు

నేను ఒక ఉమ్ము బకెట్‌ని. అప్పుడే ముక్కు మూసుకోకండి. టీవీలో బిస్కెట్ కొరికి "ఆహా!" అంటూ కళ్ళు మూసుకునేవాళ్ళంతా నా చుట్టాలే. కార్ఖానాలో ఎర్రగా, నిగనిగలాడుతూ పుట్టినప్పుడు పెళ్ళిళ్ళలో సాంబారు మోస్తాననుకున్నాను. హైదరాబాదులో ప్రకటనలు తీసే స్టూడియోలో పడ్డాను. ఒకే షాటు మళ్ళీ మళ్ళీ తీస్తారు కదా, అంతా మింగితే కడుపేమైపోవాలి? కట్ అనగానే నటులు నోట్లోది నాలో ఉమ్మేస్తారు.

సినిమా హీరో తుమ్మినా వార్తే. వీళ్ళు రోజూ మీ ఇళ్ళలోకొచ్చి పళ్ళు తోముకుని, బట్టలుతికి, నడుంనొప్పి తగ్గించుకుని పోతారు. పేరైనా అడిగారా ఎప్పుడైనా? నాకు ఒళ్ళు మండుతుంది.

భ్రమరాంబగారు అలాంటి నటి. కందిపప్పు ప్రకటనలో అత్తగారు, మోకాళ్ళ నూనె ప్రకటనలో అమ్మమ్మ. మొహం ఆవిడదే, గొంతు మాత్రం ఎప్పుడూ ఇంకెవరిదో. ఆవకాయ ప్రకటనకి మొదటిసారి "మీ గొంతే ఉంచుతాం" అన్నారు. ఆ సంబరం మేకప్ వేసే సుజనతో చెప్పుకున్నారు. "నేనీ ప్రకటనల్లోకి రాకముందే మా ఆయనకి చూపు పోయిందమ్మా. నువ్వు టీవీలో వస్తున్నావటగా అంటారు పాపం. ఈసారైనా ఆయనకి వినిపిస్తాను."

ఆవిడ ముద్ద తిని తృప్తిగా నవ్వాలి. ఆఖరి షాటులో మనవడితో ఒక్క మాట అనాలి.

"ఆంటీ, మింగొద్దు. బకెట్‌లో ఉమ్మెయ్యండి," అన్నాడు దర్శకుడు.

"అన్నం బాబూ! కళ్ళకద్దుకుని తినేది. ఉమ్మడం నావల్ల కాదు."

రంగు రావాలని ఆ ఆవకాయలో కారం దట్టించారు. లైటు బాగాలేదని ఒకసారి, పిల్లాడు కెమెరా వైపు చూశాడని ఇంకోసారి, ముద్ద గుండ్రంగా లేదని మరోసారి. ప్రతిసారీ కళ్ళనీళ్ళు తుడుచుకుని మింగారు. ఉమ్మెయ్యి తల్లీ, గొంతు పోతుంది అని నా ప్రాణం కొట్టుకుంది. బకెట్ గోడు ఎవరికి కావాలి?

ఆఖరి షాటుకి గొంతు జీరబోయింది. వేణ్ణీళ్ళు తాగినా లాభం లేకపోయింది.

"డబ్బింగ్ చెప్పిద్దాం లెండి," అన్నాడు దర్శకుడు.

"ఒక్కసారి మళ్ళీ విని చూడు బాబూ," అన్నారావిడ. అతను తలూపాడు గానీ మాటివ్వలేదు. ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఆ సాయంత్రమే లైటు స్టాండు మీద పడి నా అంచు పగిలింది. పారెయ్యబోతుంటే, "నాకివ్వండి, పుదీనా వేసుకుంటాను," అని భ్రమరాంబగారు ఇంటికి తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళ హాలు కిటికీలో ఒంటినిండా మట్టితో కూర్చున్నాను.

నిన్న వార్తల మధ్యలో ఆ ప్రకటన వచ్చింది. ఆవిడ వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. గొంతు ఉంచారో మార్చారో ఆవిడకే తెలియదు. భర్త విశ్వపతిగారు కుర్చీలో కునుకుతున్నారు.

"ఇంకో ముద్ద పెట్టనా నాన్నా?" అంది టీవీ, జీరగా.

ఆయన ఉలిక్కిపడి లేచి, టీవీ వైపు తిరిగి కసిరారు. "ఏమేవ్! మళ్ళీ కారం తిన్నావా? గొంతు చూడు ఎలా అయిందో. కాసిని మజ్జిగ తాగు."

గుమ్మంలో ఉన్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టీవీని కోప్పడుతున్న ఆయన్నే చూస్తూ నిలబడిపోయారు.