మసి మీద బొట్టు

జగ్గయ్యపేటలో కొండలరావు అంటే ఏ కొండలరావని ఎవరూ అడిగేవాళ్లు కారు. కోతల కొండలరావేగా అనేవాళ్లు. బర్మా యుద్ధంలో మిలిటరీ లారీ నడిపానని చెప్పుకునేవాడాయన. కాగితాలేవంటే చెదలు తిన్నాయనేవాడు. యుద్ధం అయ్యాక వేలంలో ఒక పాత మిలిటరీ లారీ కొని మిరప బస్తాలు తోలాడు కనక, ఆ లారీని చూసి కథలల్లాడని ఊరు తేల్చేసింది. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది.

ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. పేరు మాత్రం పోలేదు. మొన్నొక పెళ్లిలో ఆయన కూతురు రత్తమ్మను చూసి ఎవరో, "కోతలాయన కూతురా?" అన్నారు. డెబ్బై ఆరేళ్ల మనిషి విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. మా నాన్న అబద్ధాలకోరో కాదో తేలాల్సిందేనని, నందిగామ కాలేజీలో చరిత్ర చెప్పే వాగ్దేవికి కబురు పెట్టింది. యుద్ధకాలపు బళ్ల మీది గుర్తులంటే ఆ పిల్లకు పిచ్చి. కొండలరావు లారీ ఇంకా రత్తమ్మ ఇంటి షెడ్డులోనే ఉంది.

"ముందు చక్రాల మడ్‌గార్డుల మీద దళం గుర్తు వేసేవాళ్లండి. అది దొరికితే బండి ఎక్కడిదో చెప్పొచ్చు," అంది వాగ్దేవి.

లారీలకు రంగులేసే స్తెఫను షెడ్డులోకొచ్చి, ఎడమ మడ్‌గార్డు మీద వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో మెల్లిగా రుద్దాడు. పసుపు రంగు పోయింది, నీలం వచ్చింది. నీలం పోయింది, మిలిటరీ పచ్చ వచ్చింది. ఆ పచ్చ కింద అరచేతి వెడల్పున నల్ల పలక, దాని నడుమ ఎర్రటి గుండ్రం బయటపడ్డాయి.

"ఐదో ఇండియన్ డివిజన్," అంది వాగ్దేవి. "వీళ్లు బర్మాలో పోరాడారండి."

"అయితే మా నాన్న చెప్పింది నిజమేగా?"

వాగ్దేవి ఇబ్బందిగా కదిలింది. "బండి ఆ దళానిదని చెప్పగలనండి. ఆయన దాంట్లో ఉన్నారని చెప్పలేను. వేలంలో ఎవరైనా కొనుక్కోవచ్చు కదా."

రత్తమ్మకు ఒళ్లు మండింది. ఇనుప ముక్కకున్న సాక్ష్యం మనిషికి లేకపోయింది. ఏదో అనబోయి, ఆ ఎర్ర గుండ్రం వంక చూస్తూ ఆగిపోయింది.

"దసరాకి బొట్టు ఇక్కడే పెట్టించేవాడు," అంది.

"బొట్టా అండి?"

"అందరూ బానెట్ నడుమ పెడతారు. మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఎడమ మడ్‌గార్డు మీద, అరచేతంత పలకగా దీపం మసి పూయించి, దాని మీద రూపాయి కంటే పెద్దగా కుంకం పెట్టించేవాడు. మసి మీద బొట్టేంటి, అశుభమని మా అమ్మ ఏటా పోట్లాడేది. ఈ బండి అసలు బొట్టు ఇదేనే, అనేవాడు."

స్తెఫను మడ్‌గార్డు మీదకు వంగి, వేలితో రంగు అంచు తడిమాడు.

"మేడమ్, ఈ గుర్తు మీద పచ్చ రంగుంది. అమ్మేముందు మిలిటరీ వాళ్లే కప్పేశారు. ఇప్పుడు నేను రుద్దేదాకా ఎక్కడా గీత కూడా పడలా. కొన్నోడికి కిందేముందో ఎట్టా తెలుస్తది?"

"తెలియదు," అంది వాగ్దేవి నెమ్మదిగా. "ఆ బళ్లతో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. అమ్మగారూ, ఇది నేను రాసిస్తానండి. సంతకం పెట్టి మరీ ఇస్తాను."

గెలిచానన్న సంతోషం రాలేదు రత్తమ్మకు. దుఃఖం వచ్చింది. 

"ఊరిని అనుకుని ఏం లాభం అమ్మాయ్," అంది. "మసి పూసింది ఈ చేతులే. పూస్తూ మా అమ్మా నేనూ నవ్వుకునేవాళ్లం, ఇదింకో కోతని. ఆయన వింటూనే ఉండేవాడు."

స్తెఫను తలొంచుకుని చేతులు తుడుచుకున్నాడు. రత్తమ్మ లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. ఎర్ర గుండ్రం నడుమ, రంగు వెలిసిన చోట వేలితో దిద్దింది. మసి అవసరం లేకపోయింది.