ఆంజనేయుడి నిలువు

ఆదినారాయణ తనకు ఫోన్ చేస్తాడని దెబోరా కలలో కూడా అనుకోలేదు. పోయిన ఏడాది ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఆయన పొలం కొలిచింది ఆమే. కొలిచి చూస్తే, ఆయన ఏళ్లతరబడి దున్నుకుంటున్న నేలలో ఒక పట్టీ పక్క పొలం వాళ్లదని తేలింది. ఆయన అందరి ముందూ గొంతు పెంచాడు. మిషను అబద్ధమన్నాడు, ఆమె చదువు అబద్ధమన్నాడు, తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని గట్టు దిగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని దెబోరా ఆ మాటలే తలుచుకుంటూ ఇంటికి చేరింది.

ఆమెది లైసెన్సు ఉన్న సర్వేయరు పని. పనంటే ఇష్టమే. కానీ ఏ పొలానికి వెళ్లినా కొలత ముగిసేసరికి ఒక మొహం వెలుగుతుంది, ఇంకో మొహం మాడిపోతుంది. మాడిన మొహమే ఆమెతోపాటు ఇంటికి వచ్చేది.

అందుకే ఫోన్‌లో ఆదినారాయణ పేరు చూడగానే ఎత్తాలా వద్దా అనుకుని, చివరికి ఎత్తింది.

"ఏమ్మా సర్వేయరమ్మా, బాగుండావా?" అన్నాడు ఆయన, ఏమీ జరగనట్టే.

"బాగుండా పెద్దాయనా. చెప్పండి."

"మా ఊరి మొదట్లో ఆంజనేయసామిని నిలబెడతాండాం. రాతి ఇగ్రహం. మూడు నిలువుల ఎత్తు ఉంటాడు. నువ్వు మిషను తీసుకోని రావల్ల."

"స్థలం కొలవాల్నా?"

"స్థలం గాదమ్మా. సామి నిలువుగా నిలబడినాడో లేదో చూసి చెప్పల్ల. శిల్పి దారానికి గుండు కట్టి చూస్తానంటాండు గానీ, ఈడ గాలి ఎట్ల కొడతాదో నీకు తెల్సు గదా. అంత పొడుగు దారం యాడ నిలుస్తాది?"

దెబోరా అడగకుండా ఉండలేక అడిగింది. "ఆళ్లగడ్డలోనే సర్వేయర్లు ఉండారు గదా. నన్నే ఎందుకు పిలుస్తాండారు?"

"నా పొలంలో నిలబడి, నా మొగం చూస్తా చూస్తా, నాకే మొగమాటపడకుండా గీసినావు గీత. సామి వాలితే సామికి మాత్రం మొగమాటపడతావా? నువ్వే రావల్ల."

ఆమెకు నవ్వు వచ్చింది. వస్తానంది.

మరునాడు పొద్దున్నే మిషను ఉన్న పసుపుపచ్చ పెట్టె ఒళ్లో పెట్టుకుని, స్టాండు కాళ్ల దగ్గర ఆనించుకుని బస్సెక్కింది. పొలం కొలతకైతే ప్రతి హద్దురాయి దగ్గరా అద్దం బిగించిన కర్ర పట్టుకుని నిలబడే మనిషి ఒకరు కావాలి. ఈ పనికి అక్కర్లేదు. మిషనుకున్న దుర్భిణిలో చూస్తే చాలు కాబట్టి ఒక్కతే బయలుదేరింది. సిరివెళ్ల దాటాక రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి చేలు, తూర్పున నల్లమల నీలంగా కనబడ్డాయి.

పల్లె మొదట్లో జాతరలా ఉంది. క్రేను వచ్చి నిలబడింది. దాని బెల్టుల్లో వేలాడుతూ ఆంజనేయుడు అప్పుడే లారీ మీది గడ్డిపరుపు నుంచి లేస్తున్నాడు. చేతులు జోడించి, నిటారుగా నిలబడిన స్వామి. క్రేను నడిపే ప్రవీణ్ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, అంగుళం అంగుళం దించి, విగ్రహం అడుగున ఉన్న రాతి మొలను పీఠం గుంటలో కూర్చోబెట్టాడు. జనం ఒక్కసారిగా "గోవిందా!" అని కేకలు పెట్టారు. బెల్టులు మాత్రం ఇంకా తీయలేదు.

పీఠం మీది నుంచి ఒకాయన దిగి వచ్చాడు. జుట్టు నిండా రాతిపొడి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన కార్ఖానా ఉన్న శిల్పి శ్యాంసుందర్.

"వచ్చినావామ్మా, మంచిపనైంది. రా, నీకు గీత చూపిస్తా."

దెబోరా పీఠం ముందు ఆగింది. కాళ్లకు చెప్పులున్నాయి. పైగా తనది చర్చికి పోయే ఇల్లు. ఎవరేమనుకుంటారో తెలియదు. "నేను పైకి రావచ్చా అన్నా?" అంది మెల్లగా.

ఆయనకు ఆమె ఎందుకడిగిందో అర్థమైంది. "ఇంకా కండ్లు తెరిపించలేదమ్మా. అంతవరకు రాయే. నేను పొద్దున్నుంచి ఆయన భుజాలెక్కి తొక్కతాండా గదా! రా."

ఆమె చెప్పులు విడిచే పైకెక్కింది. శ్యాంసుందర్ విగ్రహం నెత్తిన ఒక చిన్న చుక్క, పాదాల మధ్య ఇంకో చుక్క చూపించాడు. కిరీటం నుంచి ముక్కు కొస మీదుగా, బొడ్డు మీదుగా కిందికి దిగే నడిమి గీత అది. ఆ గీత పట్టుకునే విగ్రహమంతా చెక్కుతారట. అట్లాగే పక్కన చెవి దగ్గరొకటి, చీలమండ దగ్గరొకటి జేగురుతో పెట్టిన చుక్కలు. కార్ఖానాలో గాలి లేనిచోట నిలబెట్టి గుర్తు పెట్టుకున్నానన్నాడు.

"ముందునుంచి ఈ రెండు చుక్కలు, పక్కనుంచి ఆ రెండు చుక్కలు. పైది కిందిదాని మీద పడితే సామి నిలువుగా ఉన్నట్టే. అంతే గదా?" అంది దెబోరా.

"అంతే."

ఇంత సులువైన ప్రశ్న తనను ఎవరూ ఎప్పుడూ అడగలేదనిపించింది ఆమెకు.

విగ్రహానికి ఎదురుగా, దాని ఎత్తుకు రెండింతల దూరంలో చోటు చూసుకుంది. అది జొన్న కోసిన చేను. నల్లరేగడిలో స్టాండు కాళ్లు మెల్లమెల్లగా దిగిపోతాయి. కంటికి తెలియదు, కొలత మాత్రం చెడిపోతుంది. మూడు చదును రాళ్లు కావాలని అడిగితే శ్యాంసుందర్ మనుషులు నవ్వారు. రాళ్లడగడానికి అంతకంటే మంచి మనుషులు ఎక్కడ దొరుకుతారు! మట్టి తోడి, గట్టి నేల తగిలినచోట రాళ్లు పరిచారు. ఆమె స్టాండు కాళ్లు గుండె ఎత్తుకు లాగి, ఒక్కొక్కటీ రాయి మీద ఆనించి, చేత్తో ఊపి చూసింది. కదల్లేదు. పెట్టెలోంచి టోటల్ స్టేషన్ అనే ఆ కొలత మిషన్‌ను పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి, స్టాండు మీద పెట్టి, కింది నుంచి మర బిగించింది.

తర్వాత బుడగ పని. గాజు కింద ఉన్న నీటిబుడగ గుండ్రటి గీత మధ్యకు వచ్చేదాకా కాళ్లు పొడుగూ పొట్టీ చేసింది. ఆపైన మిషను కింద ఉన్న మూడు మరలు తిప్పింది. రెండు మరలు రెండు చేతుల్తో లోపలికి, మిషను తిప్పి మూడోది ఒక చేత్తో. తెర మీద అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నాకొచ్చాయి. మిషను చుట్టూ ఒకసారి తిప్పింది. సున్నా అలాగే ఉంది. ఆ క్షణం ఆమెకెప్పుడూ ఇష్టం. మిషను నిలువుగా నిలబడితేనే ఎదుటిదాని నిలువు గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

దుర్భిణిలో చూసింది. స్వామి నెత్తి మీది చుక్క దగ్గరికొచ్చింది. సన్నటి నిలువు గీత దాని మీద నిలిపి, అడ్డంగా కదలకుండా బిగించి, దుర్భిణిని కిందికి దించింది. ముక్కు కొస, జోడించిన చేతుల సందు, బొడ్డు. పాదాల మధ్య చుక్క మీదే గీత ఆగింది.

"ముందునుంచి సరిగ్గా ఉంది!" అని కేక పెట్టింది.

మళ్లీ గోవింద కొట్టారు. పీఠం గుంటలో పోయడానికి ఒక మూల సిమెంటు కలిపేవాళ్లు పారలు ఎత్తారు. ప్రవీణ్ బెల్టులు సడలించబోయాడు.

"ఇంకా పక్కనుంచి చూడాల అన్నా, ఆగండి!" అని దెబోరా చేయెత్తింది.

"ముందునుంచి సరిపాయ గదా!" అన్నారెవరో.

దెబోరా మిషను ఊడదీసి పెట్టెలో పెట్టి, విగ్రహం కుడిపక్కకు పోయి, అక్కడా రాళ్లు వేయించి, అంతా మొదటినుంచి మొదలుపెట్టింది. ఎండ ఎక్కింది. జనం గొడుగులు విప్పారు. సిమెంటు గట్టిపడుతుందని ఎవరో గొణుగుతున్నారు.

చెవి దగ్గరి చుక్క పట్టుకుని దుర్భిణి కిందికి దించింది. గీత చీలమండ చుక్కను తాకలేదు. దానికి వెనక, మడమ వైపు పడింది.

ఆమె ముందు తనను తానే అనుమానించింది. బుడగ చూసింది. సున్నా. దుర్భిణిని తలకిందులు చేసి, మిషను అటు తిప్పి, రెండో వైపునుంచి మళ్లీ చూసింది. మిషనులో దోషముంటే ఈసారి గీత ఇంకో పక్కకు పడాలి. అక్కడే పడింది. బొటనవేలు మందం తేడా.

తల ఎత్తితే ఊరంతా ఆమె మొహమే చూస్తోంది. పోయిన ఏడాది గట్టు మీద నిలబడినప్పుడు కూడా ఇలాగే చూశారు.

"సామి వెనక్కి వాలినాడు," అంది. "బొటనవేలంత."

గుంపులో కలకలం లేచింది. "అంత పెద్ద ఇగ్రహంలో బొటనవేలు ఎవరికి కనపడతాది?" "సిమెంటు పాడైపోతాంది." "తొందరగా కానీయండప్పా!" ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు.

రోడ్డు పక్క అరుగు మీద కూర్చున్న ఆదినారాయణ లేచాడు. తువ్వాలు విదిలించాడు. ఆ విదిలింపు దెబోరాకు గుర్తే.

"ఏయ్, ఊరుకోండి! ఆయమ్మ వాలినాడంటే వాలినట్టే. ఆ మాట నాకు తెల్సినంత మీకెవరికీ తెలీదు," అన్నాడు ఆయన. "శ్యాంసుందరూ, నువ్వు చూడప్పా."

శ్యాంసుందర్ వచ్చి దుర్భిణికి కన్ను ఆనించాడు. దెబోరా దుర్భిణిని మెల్లగా పైనుంచి కిందికి దించింది. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

"నిజమే," అన్నాడు చివరికి. "రోడ్డు మీద పోయే మనిషి తలెత్తితే సామి ఆ మనిషినే చూడల్ల. అందుకే చూపు కిందికి వంచి చెక్కినా. వెనక్కి వాలితే ఆ చూపు మన నెత్తి మీదుగా దాటిపోతాది. బొటనవేలే గానీ, ఆడిదాకా వచ్చేసరికి మూరెడైతాది." అటు తిరిగి గొంతెత్తాడు. "ఆ సిమెంటు పారబోయండి! మళ్లా కలుపుదాం. ప్రవీణ్, బరువు పట్టుకో!"

క్రేను గుర్రుమంది. విగ్రహం వెంట్రుకవాసి లేచింది. శ్యాంసుందర్ మనుషులు మడమల వైపు సందులోకి పల్చటి ఇనుప రేకులు తోశారు. దెబోరా దుర్భిణికి కన్ను ఆనించి చెప్తూ ఉంది.

"దించండి. ఇంకా వెనకే ఉన్నాడు. ఇంకో రేకు పెట్టండి. దించండి, మెల్లగా... అయ్యో, ముందుకు పోయినాడు. ఒకటి తీయండి."

రేకులు పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. కాసేపటికి పల్లె మొత్తానికి ఆమె గొంతొక్కటే వినబడుతోంది. ఇందాక అరిచినవాళ్లు కూడా ఆమె "చాలు" అంటే ఊపిరి బిగబట్టి, "ఇంకొంచెం" అంటే వదులుతున్నారు. ఎవరికి వాళ్లు తమ వైపు రావాలని లాగే గీత కాదు ఇది. అందరూ ఒకే చోట పడాలని కోరుకుంటున్న గీత. అది తట్టగానే ఆమెకు మెడ నొప్పి కూడా తెలియలేదు.

"పడింది," అంది. "చుక్క మీద చుక్క."

విగ్రహాన్ని కదిపారు కాబట్టి మళ్లీ ఎదురుగా పోయి చూసింది. ఎడమకు గోరంత పోయింది. అదీ సరిచేశారు. కొత్త సిమెంటు కలిపి పోశారు. పోశాక రెండువైపులా మరోసారి చూసి, సరిగ్గా ఉందని చెప్పేసరికి పొద్దు నల్లమల మీంచి చాలా దూరం పడమటికి జరిగింది.

ఆదినారాయణ భార్య వెంకటలక్ష్మమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర తెచ్చి చెట్టునీడన అందరికీ వడ్డించింది. దెబోరా పక్కనే కూర్చుని రెండో రొట్టె కంచంలో వేస్తూ, "పోయినేడు నువ్వు కొలిచి పోయినాక ఈయప్ప రెండు పూటలు అన్నం ముట్టలేదు తల్లీ. నిన్ను తిట్టడానికే నోరు సరిపాయ," అంది.

దెబోరా సిగ్గుపడుతూ అడిగింది. "ఆ పక్క పొలమాయనతో మాటలుండాయా ఇప్పుడు?"

వెంకటలక్ష్మమ్మ గలగలా నవ్వి, ఒళ్లంతా సిమెంటు పూసుకుని కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న నల్లటి మనిషిని చూపించింది. "పొద్దున్నుంచి సిమెంటు కలిపింది ఎవరనుకున్నావు? పారబోసి మళ్లా కలిపింది కూడా ఆయప్పే. గీత తేలిపోయినాక ఇంక కొట్లాడనీకి ఏముంది? ఇప్పుడు ఇద్దరూ కలిసే నీళ్లు కట్టుకుంటాండారు."

ఆ మనిషి వచ్చి ఆదినారాయణ పక్కనే కూర్చున్నాడు. ఆదినారాయణ తన కంచంలోని రొట్టె సగం తుంచి ఆయన కంచంలో వేశాడు. ఇద్దరూ ఏదో క్రేను గురించి మాట్లాడుకోసాగారు. దెబోరా వాళ్లను చూస్తూ తినడం మరిచిపోయింది. తాను ఇంటికి మోసుకుపోయిన ఆ మాడిన మొహం, తాను వెళ్లాక ఎప్పుడో మామూలైపోయింది. ఆ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదంతే.

"చల్లారిపోతాది, తిను తల్లీ," అంది వెంకటలక్ష్మమ్మ.

సాయంత్రం బస్సులో అమ్మ ఫోన్ చేసింది. "యాడ పోయినావే పొద్దున్నుంచి? ఎవరి పొలం?"

"పొలం కాదమ్మా. ఆంజనేయసామి విగ్రహం నిలువు చూసినా."

"సరిగ్గా చూసినావా?"

"రెండువైపులా చూసినా."

"మంచిది. ఎండన పడి వచ్చుంటావు, వచ్చేటప్పుడు మజ్జిగ తాగి రా," అని పెట్టేసింది.

దెబోరా ఫోన్ సంచిలో వేసుకుని, పెట్టె మీద చేతులు పెట్టుకుని వెనక్కి ఆనుకుంది. రేపు బనగానపల్లె వైపు ఇద్దరు అన్నదమ్ముల చేను పంచాలి. ఒకాయన అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. మాట్లాడనీ అనుకుంది. హద్దురాళ్లెక్కడ పాతాలో మనసులోనే ఆలోచించుకుంటూ, బస్సు కుదుపులకు ఊగుతూ, నంద్యాల రాకముందే నిద్రలోకి జారుకుంది.