వెంట నడిచే మంచం

కొండమీద ఆసుపత్రిలో తెల్లవారగానే ఫ్లోరా చేసే మొదటి పని మంచాలని వెనక్కి నెట్టడం. రోగులు పొద్దుటి తిండికి వెళ్లారో లేదో, వార్డులోని ఇనప మంచాలు ఒక్కొక్కటే వరస తప్పి, కీచుమంటూ తలుపు దాకా వచ్చి నిలబడేవి, బడి వదిలే వేళకి గేటు దగ్గర తల్లులు నిలబడ్డట్టు.

"పదండి పదండి, తినేసి వస్తారు. ఎక్కడికి పోతారు పాపం!" అంటూ ఫ్లోరా ఒక్కోదాన్ని నడుంతో తోసి గోడకి చేర్చేది. ఆమె వార్డు ఆయా. భారీ మనిషి. మంచాలకి ఆమెంటే కాస్త భయం.

ఎవరూ లేని మంచం గేటువైపు తల తిప్పి నిలబడితే మాత్రం దాన్ని నెట్టేది కాదు. ఉతికిన దుప్పటి తెచ్చి, మూలలు మడిచి బిగించి పరిచేది. ఆ సాయంత్రమో మర్నాడో ఎవరో ఒకరు వచ్చేవారు. ఎవరు రాబోతున్నారో డాక్టర్లకంటే ముందు, ఒక్కోసారి ఆ వచ్చే మనిషికంటే ముందు మంచానికే తెలిసేది. ఇందులో వింత ఉందని అక్కడెవరూ అనుకోలేదు. మంచం ఉన్నది మనిషికోసం కాకపోతే మరి దేనికి?

ఒడీల్ సీర్ కూడా అలాగే వచ్చింది, బంగాళాదుంపల తవ్వకాలు ముగిసిన వారం, ఎవరికీ వినపడని గొంతులతో మాట్లాడుతూ. అప్పటికామెది ఇంకా పెళ్లీడే. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. ఇన్నేళ్లలో ఆ గొంతులు మందులకి లొంగి, పక్కింటి రేడియోలా ఎక్కడో సణుగుతూ ఉండటం నేర్చుకున్నాయి. ఆమె లాండ్రీలో దుప్పట్లు మడిచేది, శనివారం బీన్సు వండే రోజున వంటవాళ్లతో తగువు పెట్టుకునేది. ఆదివారాలు తమ్ముడికోసం ఎదురుచూసేది.

తమ్ముడు నార్మండ్‌ని పెంచింది ఆమే. తల్లి గది తలుపేసుకుని వారాలకి వారాలు బయటికి రాని రోజుల్లో ఒడీలే పొయ్యి రాజేసి, బక్‌వీట్ పిండితో అట్లు పోసి, వాడికి తినిపించేది. ఆమె చెయ్యి వీపుమీద లేకపోతే వాడికి నిద్రపట్టేది కాదు. ఆ పిల్లాడే లాయరయ్యాడు, తర్వాత శాసనసభ్యుడయ్యాడు. చూడ్డానికి వచ్చినప్పుడల్లా కళ్లకింద నల్లటి చారలు. వచ్చినంతసేపూ నిలబడే ఉండేవాడు.

"కూచోరా కాసేపు."

"పర్లేదక్కా, కారులో కూచునే వచ్చానుగా."

ఈలోగా ఒడీల్ మంచం మెల్లిగా జరుగుతూ అతని మోకాళ్లకి ఆనుకునేది. అతను ఒకడుగు వెనక్కి వేసేవాడు. అది మళ్లీ జరిగేది.

"మీ తమ్ముడంటే దీనికెంత ప్రేమో చూడవే!" అని ఫ్లోరా నవ్వేది. ఒడీల్ కూడా నవ్వేది. నార్మండ్ మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ ఏడు ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది. మనుషుల్ని కొండలమీద తాళాలేసి దాచడం అనాగరికమంది. అందులో అబద్ధమేముంది? కొండమీద గోడలవెనక ఏం జరిగిందో ఒడీల్‌కి ఇంకొకరు చెప్పాలా? తడిదుప్పట్లో చుట్టి కట్టేసిన రోజులు ఆమె ఒంటికి గుర్తే. బిల్లు ప్రవేశపెట్టింది నార్మండే. సభలో "మా అక్క" అని మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చేసి ఆగాడట. మర్నాటి పత్రికలో ఒడీల్ ఫొటో వేశారు. పక్కన మంచం కూడా పడింది.

బిల్లు నెగ్గాక అతను ఆసుపత్రికొచ్చి, భోజనాల గదిలో అందరి ముందూ మాట్లాడాడు.

"ఊళ్లో, చర్చి వెనక వీధిలో, మీకోసం ఇల్లు కడుతున్నాం. ఎవరి గది వాళ్లది. మీ గది తాళంచెవి మీ చేతిలోనే ఉంటుంది. కింద నర్సు ఉంటుంది, డాక్టరొస్తాడు. పడుకోను చోటు లేకుండా ఒక్కరినీ ఈ కొండ దింపం. మా అక్కమీద ఒట్టు."

తాళంచెవి మాట వినగానే గదంతా గుసగుసలు. జీవితంలో తాళంచెవి పట్టుకోని చేతులవి. వెనక బల్ల దగ్గర ముసలి బ్లాంష్ మాత్రం చెంచా టకటకలాడించింది. ఒడీల్ పక్క మంచం ఆవిడదే.

"ఇల్లు కట్టాక పిలవమను, అప్పుడు దిగుతా."

"వాడు నా తమ్ముడు బ్లాంష్. నా చేతుల్లో పెరిగాడు."

"నీ చేతుల్లో పెరిగాడు సరే. ఇప్పుడెవరి చేతుల్లో ఉన్నాడు?"

ఒడీల్‌కి ఒళ్లు మండింది. వారమంతా బ్లాంష్ మంచం చివర కూచుని నచ్చజెప్పి, చివరికి కొండ దిగడానికి ఒప్పుకునే కాగితంమీద సంతకం పెట్టించింది. బ్లాంష్ పెడితే ఆ వార్డంతా పెట్టినట్టే.

పునాది తవ్వారు. నార్మండ్ పేరుతో పెద్ద బోర్డు పాతారు. ఆసుపత్రి మూసేశారు. పునాది పునాదిలాగే ఉండిపోయింది.

వాళ్లందర్నీ హైవే పక్కనున్న పాత మోటెల్‌లో దించారు, కొద్దిరోజులకే అని. గదికి నలుగురు. కొండమీంచి మంచాలు తామే దిగొచ్చాయి. సుత్తిదెబ్బల్లాంటి చప్పుడుతో రోడ్డంట నడిచి, ఒక్కోటి తన మనిషి కిటికీ కింద ఆగింది. మోటెల్ యజమాని లోపలికి రానివ్వలేదు. ఇన్సూరెన్సు ఒప్పుకోదన్నాడు. గదుల్లో పరుపులు లేవా అంటే ఉన్నాయి, రెండు. అందుకని సగంమంది బయట తమ మంచాలమీదే పడుకునేవాళ్లు, మంచు మొదలయ్యేదాకా.

ఊరివాళ్లు మంచాలకి తొందరగానే అలవాటుపడ్డారు. వాళ్లకి చిరాకల్లా మంచు తీసే బండికి అవి అడ్డం రావడం. పురపాలక సభ కూచుని, కార్లకున్న నిబంధనే మంచాలకీ పెట్టింది: మంచు తీసే వేళల్లో రోడ్డుమీద ఉండరాదు. బండి నడిపే అతను, మంచివాడు, మంచం కోళ్లకి ఎర్రగుడ్డలు కట్టి పోయాడు, మంచులో కూరుకున్నా కనిపించేలా. ప్రభుత్వం ఆ శీతాకాలం వాళ్లకి చేసిన వైద్యంలో చెప్పుకోదగ్గవి ఆ గుడ్డలే.

నర్సు చర్చి కిందిగదికి వారానికోసారి వచ్చేది. తర్వాత ఎప్పుడైనా వచ్చేది. తర్వాత తలుపుమీద కాగితం మాత్రం ఉండేది. మందులు ఆలస్యమైనప్పుడల్లా ఒడీల్ చేతులు వణికేవి, తలలోని ఆ పక్కింటి రేడియో గొంతు పెంచేది. పునాది గుంటలో నీళ్లు నిలిచి గడ్డకట్టాయి. పిల్లలు అందులో హాకీ ఆడుకునేవారు, నార్మండ్ బోర్డుని గోలుపోస్టు చేసుకుని.

ఒడీల్ ఫోన్ చేసేది.

"వస్తుందక్కా, డబ్బు వస్తుంది. ఫైలు కదులుతోంది."

"గుంట గడ్డకట్టిందిరా."

"నేను చూసుకుంటానుగా. నామీద నమ్మకం లేదా?"

ఉంది. అదే కదా ఆమె రోగం!

ఫిబ్రవరిలో బ్లాంష్ కనపడకుండా పోయింది. ఆవిడ మంచాన్నిబట్టి కనుక్కున్నారు. అది నది ఒడ్డున, నీటివైపు తల తిప్పి నిలబడి ఉంది. అడుగుజాడలు మంచుగడ్డమీద కొంతదూరం వెళ్లి, గడ్డ పల్చబడ్డ చోట ఆగాయి. తర్వాత ఆ మంచాన్ని ఎవరు నెట్టినా కదల్లేదు. ఒడీల్ వెళ్లి దానిమీది మంచు దులిపి, దుప్పటి పరిచి, నాలుగు మూలలూ మడిచి బిగించింది. ఏడుపు రాలేదు. 'ఇప్పుడెవరి చేతుల్లో ఉన్నాడు' అన్న బ్లాంష్ మాట మాత్రం తిరిగొచ్చే దారంతా వెంటే నడిచింది.

మోటెల్ యజమాని వసంతంలోపు ఖాళీ చెయ్యమన్నాడు. హైవే వెడల్పు చేస్తున్నారట, మోటెల్ పడగొడతారు. అదే వారం ఫ్లోరా పరుగున వచ్చింది. ఆసుపత్రి మూశాక ఆమె బడి వంటింట్లో పనిచేస్తోంది.

"రాజధానిలో విచారణట. ఇంటి డబ్బు తీసి రోడ్డుకిస్తారట. ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చట. పద, బండి తెచ్చాను."

"తమ్ముడుంటాడుగా అక్కడ?"

"కమిటీలో ఉన్నాడు. మీ తమ్ముడికి నోరు నొప్పెడితే నువ్వు మాట్లాడు."

మంచాన్ని ట్రక్కు వెనక ఎక్కించారు. ఎక్కించకపోయినా వెనకే నడిచొచ్చేది, పాపం చలి అని ఎక్కించారు. శాసనసభ గుమ్మం దగ్గర పోలీసతను మంచాన్ని ఎగాదిగా చూశాడు.

"మంచాలు పక్క తలుపునుంచి రావాలమ్మా."

"అది నాతో వచ్చింది."

"అయితే నువ్వూ పక్క తలుపునుంచే రా."

కమిటీ గదిలో వెచ్చగా ఉంది. గుర్రపునాడాలా వంపు తిరిగిన బల్ల, దాని వెనక సభ్యులు. ఆ చివర నార్మండ్. అక్కని చూసి అతని మొహం పాలిపోయింది. ఒడీల్ చెయ్యి ఊపింది, మూర్ఖురాలు, బడి వార్షికోత్సవంలో తమ్ముణ్ని చూసి ఊపినట్టు.

గుమాస్తా చదివాడు. "చర్చి వెనక వీధిలోని గృహానికి కేటాయించిన నిధులను రహదారుల విస్తరణకు మళ్లించవలెనని ప్రతిపాదన. ప్రతిపాదించినవారు, నార్మండ్ సీర్."

ఊపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

అధ్యక్షురాలు, తెల్లజుట్టు ఆవిడ, కళ్లద్దాలు సవరించుకుని, "మాట్లాడేవారు రావచ్చు" అంది. ఒడీల్ మైకు దగ్గరకి వెళ్లింది. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. చేతులు వణుకుతున్నాయి. దాచుకోలేదు.

"మా తమ్ముడు నామీద ఒట్టేశాడు," అంది. "ఒట్టు నామీద, ఓటు రోడ్డుమీద. నా ఫొటో పెట్టి కొండమీద మంచాలన్నీ తీయించాడు. తీయించాల్సిందే, నేనూ సంతకం పెట్టాను, బ్లాంష్‌తో కూడా పెట్టించాను. బ్లాంష్ ఇప్పుడు నదిలో ఉంది. పాత చోటు మూసినప్పుడు మేం మనుషులం అని మీకు గుర్తొచ్చింది. కొత్తది కట్టాల్సొచ్చేసరికి మేం ఖర్చు అయిపోయామా? ఏరా నార్మండ్, నువ్వే చెప్పు. అప్పుడు ఏడ్చింది నిజంగానేనా?"

నార్మండ్ మైకు దగ్గరకి లాక్కున్నాడు. అంతలో కీచుమని చప్పుడైంది.

మంచం కదిలింది. ఒడీల్ పక్కనుంచి, ఆమెని దాటుకుని, తివాచీమీద నాలుగు చారలు గీస్తూ బల్లచుట్టూ తిరిగి, నార్మండ్ కుర్చీ పక్కకి వెళ్లి ఆగింది. అతను లేచి ఒకడుగు వెనక్కి వేశాడు. వెనక గోడ ఉంది.

"కాస్త జరగండి, దానికి దారివ్వండి," అని అధ్యక్షురాలు పక్క సభ్యుడితో అంది. ఆయన కుర్చీ జరుపుకున్నాడు.

ఒడీల్ అటే నడిచింది. దగ్గర్నుంచి చూస్తే తెలిసింది. అతని చేతులు కూడా వణుకుతున్నాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నా. కళ్లకింద చారలు ఎన్నాళ్లవో. ఇన్ని ఆదివారాలు అతను నిలబడే ఎందుకున్నాడో, మోకాళ్లకి ఆనిన ఆ ఇనప చువ్వకి ఎందుకంత భయపడ్డాడో, తననీ పిలుస్తుందేమోనని కొండనే ఎందుకు చెరిపేశాడో, అంతా ఒక్కసారిగా అర్థమైంది. అర్థమైనంతమాత్రాన కోపం తగ్గాలా? తగ్గలేదు.

"ఎన్నాళ్లనుంచిరా?"

"అమ్మ పోయినప్పట్నుంచి." గొంతు బల్లదాటి వినపడలేదు. "నాకూ వినపడతాయక్కా. ఎవరితో చెప్పను? చెబితే నాకు ఓటెవడేస్తాడు?"

"నాతో చెప్పొచ్చుగా. నేనే కదా నీ ఉపన్యాసం!"

అతను తల దించుకున్నాడు. మంచం మోకాళ్లకి ఆనుకుంది. ఈసారి అతను పక్కకి తప్పుకోలేదు. మెల్లిగా, వేడినీళ్లలో దిగుతున్నట్టు, అంచున కూచున్నాడు.

"ఇది నాకిస్తే నువ్వెక్కడ పడుకుంటావు?"

"నువ్వు కట్టిస్తానన్న ఇంట్లో."

"అది కట్టేదాకా?"

"నీ ఇంట్లో." ఒడీల్ అరచెయ్యి చాచింది. "మీ ఆవిడ వెళ్లిపోయాక ఆ మేడలో నువ్వొక్కడివేగా. నీ పరుపుమీద ఎలాగూ నీకు నిద్ర లేదు. తాళంచెవి ఇలా ఇయ్యి."

అతను కోటు జేబులో తడుముకుని తీసిచ్చాడు. తర్వాత బూట్లు కూడా విప్పకుండా పక్కకి ఒరిగి, కాళ్లు ముడుచుకున్నాడు. ఒడీల్ దుప్పటి కప్పింది. నాలుగు మూలలూ మడిచి బిగించింది, వార్డులో ఎవరు పడుకున్నా అలాగే చేస్తారు గనక. వీపుమీద మాత్రం చెయ్యి వెయ్యలేదు.

"క్షమించాననుకోకు," అంది. అప్పటికే అతను గురక పెడుతున్నాడు.

అధ్యక్షురాలు ఓటింగుకి పిలిచింది. గుమాస్తా ఒక్కో పేరూ చదివాడు. నార్మండ్ సీర్ అన్నచోట ఆగి, మళ్లీ చదివి, మంచంవైపు చూశాడు.

"నిద్రపోతున్నారండీ."

"లేపకండి. గైర్హాజరని రాసుకోండి."

అటు ఎంతమందో ఇటూ అంతమందే తేలారు. సమానం కనక ప్రతిపాదన వీగిపోయింది. ఇంటి డబ్బు ఇంటికే ఉండిపోయింది. పక్క సభ్యుడు చిరాగ్గా కాగితాలు సర్దుకున్నాడు. గుమాస్తా మాత్రం మంచానికి తగలకుండా, అడుగులో అడుగేసుకుంటూ దీపాలు తగ్గించాడు.

ఒడీల్ ఈసారి పెద్ద గుమ్మంలోంచే బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే వెనక చప్పుడు లేదు. అలవాటుకొద్దీ ఆగి, తిరిగి చూసింది. ఖాళీ మెట్లమీద మంచు పడుతోంది.

ట్రక్కులోంచి ఫ్లోరా తల బయటపెట్టింది. "మంచమేదే?"

"ఇన్ని ఆదివారాలు నిలబడే ఉన్న మనిషికోసం వెళ్లింది," అంది ఒడీల్.

ఫ్లోరా తల లోపలికి తీసుకుంది. ఇంజను వేసింది. ఒడీల్ ఎక్కి కూచుని, తమ్ముడి ఇంటిదాకా గుప్పిట విప్పలేదు. తాళంచెవి పళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. ఇంకొంచెం గట్టిగా నొక్కింది.