మిగిలిన రెండు స్వరాలు

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఇరవై ఏళ్ళుగా బల్లమీద మోచేతులు ఆనించి పనిచేయడంతో ఎడమ మోచేతి దగ్గర నరం నలిగింది. ముందు చిటికెన వేలు, తరువాత ఉంగరపు వేలు చచ్చుబడ్డాయి. ఇక బాగుపడవని డాక్టరు చెప్పేశాడు. గడియారాల పని ఎలాగో నెట్టుకొస్తున్నారు. గిటారు అలా కాదు, తీగలు నొక్కేది ఎడమచెయ్యే. శనివారాలు ఊళ్ళో ఒక హాల్లో జాజ్ వాయించే బృందంలో ఆయన పదకొండేళ్ళుగా ఉన్నారు. ఆ చోటు నిలుస్తుందా లేదా అన్నదే మూడు నెలలుగా మా ఇంట్లో బెంగ.

మా తమ్ముడు అదే బృందంలో, కింది స్వరాలు పలికే బేస్ గిటారు వాయిస్తాడు.

"పదమూడో కార్డంటే ఒకటి విడిచి ఒకటిగా పదమూడు దాకా ఏడు స్వరాలు ఒకేసారి మోగాలట. ఉన్నవి నాలుగు వేళ్ళాయె. ఎలా కుదురుతుందండీ?" అని వేళ్ళు బాగున్న రోజుల్లో ఈయన్ని అడిగాను.

"కొన్ని వదిలేస్తాం. అయిదోది, పదకొండోది లేకపోయినా లోటుండదు. మొదటిది మీ తమ్ముడు కింద వాయిస్తాడు. మూడు, ఏడు కార్డుకు ప్రాణం. తొమ్మిది, పదమూడు దాని రంగు."

చిటికెన వేలితో తొమ్మిదోది పోయింది. ఉంగరపు వేలితో పదమూడోదీ పోయింది.

"రెండు వేళ్ళు చాలు బావా, మిగతాది నేను లాక్కొస్తాగా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు లాక్కొచ్చేసరికి పాట అయిపోతుందిరా," అని నవ్వారు ఈయన.

మొన్న శనివారం నేనూ వెళ్ళాను. బృందాన్ని నడిపే సాక్సఫోన్ మాస్టారు పాట సగంలో ఆపేశారు.

"కార్డు తప్పని అనను. కానీ బోసిగా ఉంది. దానిమీద నేనేం ఊదను?"

"ఇంకో నెల చూడండి మాస్టారూ," అన్నారు ఈయన.

"నెల చూస్తే వేళ్ళొస్తాయా నాయనా?" ఆ మాట మాస్టారు మెల్లగానే అన్నారు. వచ్చే వారం ఈయన చోటికి వేరే మనిషిని పిలిచానని కూడా చెప్పారు. మా తమ్ముడు తల ఎత్తకుండా, శ్రుతిలోనే ఉన్న తీగను మళ్ళీ సవరించుకున్నాడు.

ఇంటికొచ్చాక ఈయన మంచంమీద కూర్చుని రెండు తీగలు మీటారు.

"ఇది ఏ కార్డో చెప్పు."

"నాకేం తెలుసండీ?"

"నాకూ తెలియదు. ఈ రెండు స్వరాలూ రెండు వేర్వేరు కార్డుల్లో ఉంటాయి. ఏదో తేల్చేది కింద బేస్. ఒక్కణ్ణే వాయిస్తే ఇది ఏదీ కాదు."

"తమ్ముణ్ణి అప్పుడప్పుడు రమ్మంటాను."

"జాలిపడి వస్తాడు. వద్దులే."

మూడు నెలలుగా ఆ రెండు వేళ్ళూ తిరిగిమ్మని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. నిలదీయడం నాకు చేతకాదు. కానీ వేళ్ళు తీసుకున్నవాడు వాయించాలన్న ఆశనూ తీసుకుపోవచ్చు కదా అనిపించింది. ఆ మాట పైకి అనకుండా దండం పెట్టుకున్నాను. గదిలో ఈయన అవే రెండు స్వరాలు మళ్ళీ మీటుతున్నారు.