తెరకెక్కిన సవరం

నేను ఒక సవరాన్ని. ఈ ముక్క పైకి అనడానికి నాకెంత సిగ్గుగా ఉందో మీకు తెలియదు. కనబడకుండా ఉండడమే మా జాతి ధర్మం. చొక్కాకి గుండీ కనబడొచ్చు, చీరకి అంచు కనబడి తీరాలి. సవరం కనబడిందంటే మాత్రం పెట్టుకున్నవాళ్ల పరువూ పోతుంది, మా బతుకూ పోతుంది. అలాంటి నన్ను రాజమండ్రిలో ఒక కాలేజీ హాల్లో గోడంత తెర మీద ఊరందరూ చూశారు. పైగా చప్పట్లు కూడా కొట్టారు.

నా పుట్టుక గొప్పదేం కాదు. లెక్కల టీచరు హైమవతిగారి తలలోంచి రాలిన జుట్టే నేను. కూతురు సంహిత బోర్లాపడే రోజుల్లో ఆవిడ దువ్వెన పెడితే చాలు, గుప్పెళ్ల కొద్దీ ఊడొచ్చేది. బిడ్డ తల్లిని చూసి నవ్వడం మొదలెడితే తల్లికి జుట్టు రాలుతుందంటారు. నిజమో కాదో నాకు తెలియదు గానీ, ఆ పిల్ల మాత్రం తెగ నవ్వేది. హైమవతి ఏడుస్తూ పారేసిన ఉండలన్నిటినీ అత్తగారు భ్రమరాంబగారు ఏరి, పాత జాకెట్టు గుడ్డలో మూటగట్టి దాచారు. ఆవిడకి మోకాళ్ల దాకా జుట్టు. ఎవరైనా కోడలి తల చూసి నోరు జారితే, "మా అమ్మాయి తల లోపల ఉన్నది మీ అందరికీ కలిపినా లేదులెండి" అని అక్కడికక్కడే నోరు మూయించేవారు.

పిన్నీసులూ పూసలూ అమ్ముకుంటూ వీధిలోకొచ్చే నూకరత్నం నన్ను కట్టింది. అరుగు మీద కూర్చుని చిక్కు తీసి, కుదుళ్లన్నీ ఒకవైపుకి తెచ్చి, నల్లదారం కాలి బొటనవేలికి తగిలించి, పాయలు పాయలుగా బిగించింది. ఎవరికమ్మా అని అడిగితే భ్రమరాంబగారు "నాకే" అన్నారు. నూకరత్నం ఆవిడ జడ వైపు ఓసారి చూసి, నవ్వుకుని ఊరుకుంది. ఆ మధ్యాహ్నం ఆవిడ కోడల్ని గదిలోకి పిలిచి నన్ను చేతిలో పెట్టారు.

"నీ జుట్టే అమ్మాయ్. నీకే తిరిగొచ్చింది. మావాడికి కూడా చెప్పకు."

అక్కణ్ణుంచీ నాది మహా వైభవం. బళ్లో పిల్లలు హైమవతికి జడ టీచరని పేరు పెట్టారు. ఆవిడ బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీల దాకా అందరి కళ్లూ నామీదే. నాకూ కాస్త పొగరెక్కిందనే చెప్పాలి. ఆడవాళ్ల జడల మీద మగవాళ్లు ఎన్నో పద్యాలు రాశారని వింటాను. పక్కనే ఉన్న జడలో సగం ఊడొస్తుందన్న సంగతి మాత్రం హైమవతి భర్త ఇన్నేళ్లలో కనిపెట్టలేకపోయాడు.

భ్రమరాంబగారు పోయాక ఆవిడ ట్రంకుపెట్టెని ఎవరూ తెరిచేవాళ్లు కాదు. అందుకని హైమవతి నన్ను అందులో దాచేది. కొంప మునిగింది అక్కడే.

సంహిత పెరిగి పెద్దదై యానిమేషన్ కోర్సులో చేరింది. బొమ్మని ఇసుమంత కదిపి ఒక ఫొటో, మళ్లీ ఇసుమంత కదిపి ఇంకో ఫొటో తీస్తారు. అవన్నీ వరసగా తిప్పితే బొమ్మ తనంతట తనే నడిచినట్టుంటుంది. చివరి ఏడాది సినిమాకి మట్టిబొమ్మలు వద్దు, కొత్తగా ఏదైనా పట్టుకురమ్మన్నాడు వాళ్ల సారు. పిల్ల పసుపుకొమ్ములతో చేసి చూసింది, వత్తుల పత్తితో చేసి చూసింది. దేన్లోనూ ప్రాణం రాలేదు. ఒక ఆదివారం తల్లి తలంటుకుని డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటుంటే, ఇది పాత లేసుముక్కల కోసం ట్రంకుపెట్టె తెరిచింది. నన్ను చూసింది.

"నాయనమ్మ సవరం!" అని గుండెలకి హత్తుకుంది.

నాయనమ్మ పెట్టెలో దొరికింది నాయనమ్మది కాక ఇంకెవరిదవుతుంది? పిల్లని తప్పుపట్టలేను. తల్లికి సవరం ఉందని దానికి కలలో కూడా తెలియదు. అంత బాగా దాచాం ఇద్దరం.

నా కడుపులో తీగ దూర్చింది. కొబ్బరినూనె, మైనం కలిపి రాసింది. చింతగింజలు కళ్లుగా పెట్టింది. నేను ముసలమ్మనయ్యాను. కోపమొస్తే నిక్కబొడుచుకున్నాను, దిగులేస్తే పాయలు పాయలుగా జారిపోయాను, కథ చివర ముసలమ్మ పోయినప్పుడు విప్పారి గోదావరినై పారాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నాకది నచ్చింది. ఎప్పుడూ ఒకరి వీపున వేలాడినదాన్ని, నాకంటూ ముఖం ఒకటి వచ్చేసరికి కాస్త ఒళ్లు మరిచాను.

అవతల హైమవతి ఇల్లంతా గాలిస్తోంది. పాపం, ఏం పోయిందో చెబితే గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే దొరకదు.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"పిన్నీసే."

సినిమా పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదని సంహిత తలుపు వేసుకునేది. హైమవతి బజార్లో ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అంటారేమో. గాజుల కొట్టు నడిపేదే ఆవిడ శిష్యురాలి తల్లి! ముందు తలనొప్పని సెలవు పెట్టింది. తర్వాత ఉన్న కాస్త జుట్టూ ముడేసి, చుట్టూ పూలు చుట్టి బడికెళ్లింది. "జడేదండీ మేడమ్" అని ఎవరో పిల్ల అడిగిందట. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చింది. గోడకి ఇవతల నేను చింతగింజల కళ్లేసుకుని నిలబడి అంతా విన్నాను.

సినిమా వేసేరోజు నన్ను వేదిక మీద బల్లపై నిలబెట్టారు. హైమవతి, భర్త రెండో వరసలో కూర్చున్నారు. వాళ్ల వెనక ఆవిడ శిష్యురాళ్లు కొందరున్నారు. సంహిత మైకు పట్టుకుంది.

"ఇది మా నాయనమ్మ సవరం. ఆవిడ జడ చూసి వీధి వీధంతా కుళ్లుకునేదట. అది పెట్టుడు జడని నాకు ఇప్పుడే తెలిసింది."

హాలంతా నవ్వింది. హైమవతి నన్ను చూసింది. నల్లదారం కట్టు చూసింది. చెయ్యి తనంతట తనే ముడి మీదకి పోయింది. నాకు భూమిలోకి కుంగిపోదామనిపించింది, కడుపులో తీగ కుంగనివ్వలేదు. ఆవిడ ఊరుకుంటే చాలు, గుట్టు శాశ్వతంగా గట్టెక్కినట్టే. పోయినవాళ్లు వచ్చి కాదనరు.

సినిమా అయిపోయింది. చప్పట్లు ఆగాక కాలేజీ సారు, "ముసలావిడ షోకులు భలే పట్టుకున్నావమ్మా" అన్నాడు. మళ్లీ నవ్వులు.

హైమవతి లేచి నిలబడింది.

"మా అత్తయ్యగారికి సవరం లేదండీ. ఆవిడది మోకాళ్ల దాకా సొంత జుట్టు. అది నాది. రోజూ నేను పెట్టుకునేది."

"నీదా?" అంది సంహిత. మైకు చేతిలోనే ఉంది, ఆ మాట హాలంతా మోగింది. భర్త ఆవిడ తల వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. వెనక వరసలో ఆడపిల్లలు తలలు దించుకున్నారు. నన్ను మాత్రం తల దించుకోనిచ్చేవాళ్లు లేరు.

ఇంటికొచ్చాక సంహిత ఏడుస్తూ నా కడుపులో తీగ లాగబోయింది. మైనానికి అతుక్కున్న పాయ ఒకటి ఊడి దాని చేతిలోకొచ్చింది. నేనింక ఏ తలకీ పనికిరానని అప్పుడే తెలిసిపోయింది.

"సినిమా తీసేస్తానమ్మా. ఎక్కడా వెయ్యను."

"సినిమాకేం, బాగుంది. ఎక్కడ వేసినా, మైకులో చెప్పిన ఆ మాటలు మాత్రం మళ్లీ అనకు. ఇన్నేళ్లూ నన్ను కాచినావిడ. ఆవిణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు."

సోమవారం పొద్దున్న బడి వేళకి హైమవతి తలుపు వెయ్యకుండానే అద్దం ముందు పీట వేసుకుని కూర్చుంది. ముడి విప్పేసింది. దువ్వెన వెనక్కి చాపి, "రావే, జడ వెయ్యి" అంది కూతుర్ని.

సంహిత ఆ జుట్టుని అంతవరకూ ఎప్పుడూ ముట్టుకోలేదు. మూడు పాయలూ కలిపినా దాని చిటికెనవేలంత లేవు. అల్లుతుంటే కన్నీళ్లు తల్లి మెడ మీద పడ్డాయి. నేను బల్ల మీంచి చూస్తూనే ఉన్నాను.

"ఏడిస్తే ఏడువు గానీ, గట్టిగా లాగకే. ఉన్నవి కాస్తా ఊడతాయి" అంది హైమవతి.