నీళ్ళ వరస

ఇనప పిడిని రెండు చేతులా పట్టుకొని సుభానీ ఇంకో చుట్టు తిప్పాడు. గుంటలో వాల్వు కిర్రుమంది. గొట్టంలో నీళ్ళు కదిలిన సంగతి అరికాళ్ళకు తెలిసింది. ఎండుమిరపకాయలా ముడతలు పడ్డ మెడ, కాయలు కాసిన అరచేతులు, మాటకు తొందరపడని నోరు. ఊరి ట్యాంకు కింద ఇన్నేళ్ళుగా అతని బతుకంతా ఇదే. ఒక బజారుకు విప్పడం, ఇంకో బజారుకు కట్టడం.

ముందు తూర్పు బజారు, తర్వాత పడమటి బజారు, ట్యాంకులో ఏమన్నా మిగిలితే సాయిబుల పేట. సుభానీ ఇల్లు ఆ పేటలోనే. ఊరందరికీ నీళ్ళు వదిలేవాడి భార్య కరీమున్ మాత్రం బిందె చంకనెత్తుకొని పొలాల్లో బోర్ల వెంట తిరిగేది. దీపం కింద చీకటంటే ఇదే మరి.

ఆ వరస పాత సర్పంచి యలమందయ్య పెట్టింది. "పెద్దలనాటి పద్ధతి, కదిలించబాకండి" అనేవాడు. ఆయన సంప్రదాయవాది. మొన్నటి ఎన్నికల్లో ఆయన్ని ఓడించిన శివరామకృష్ణ అభ్యుదయవాది. ఆ పెద్ద మాటలకు అర్థమేంటని కాఫీ హోటల్లో అడిగితే, "పాతది పట్టుకు వేలాడేవాడు ఆయన, మార్చేవాడు ఈయన" అని ఎవరో తేల్చేశారు. శివరామకృష్ణ మైకులో కూడా అన్నాడు, సుభానీగారి పేటకూ మార్పు వస్తుందని. పుట్టి బుద్ధెరిగాక సుభానీని గారూ అన్నది ఆ మైకొక్కటే. పాపం, నమ్మాడు.

అందుకే కొత్త సర్పంచి ప్రమాణం చేసిన మర్నాడు, ఎవర్నీ అడక్కుండా ముందు పేట వాల్వు తిప్పాడు. ఇంటినుంచి వచ్చేటప్పుడే కరీమున్‌కు చెప్పాడు, "ఇయ్యాల మనకే ముందు. బిందెలు పెట్టుకోమను అందర్నీ" అని.

ఆ బిందెలు సగమన్నా నిండకముందే మోటారు సైకిలు వచ్చి ట్యాంకు దగ్గర ఆగింది.

"ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు శివరామకృష్ణ.

"మార్పన్నారు గదండీ."

"చేస్తున్నాంగా! ఇయ్యాల్టినుంచి ముందు మా పడమర, తర్వాత తూర్పు. పేట ఎప్పట్లాగే చివర్న. కాదంటావా, పిడి అక్కడ పెట్టి ఇంటికి పో. తిప్పేవాళ్ళు బోలెడుమంది."

ఎదురరుగు మీద వేపపుల్ల నములుతున్న యలమందయ్య తుపుక్కున ఉమ్మి నవ్వాడు. "పేట చివరనేదానికి నేనూ అడ్డం రానురా సుభానీ. ఆ ఒక్క ముక్కలో మేమిద్దరం ఒకటే."

సుభానీకి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పేట వాల్వు కట్టేశాడు. అటునుంచి ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. అందులో కరీమున్ గొంతు గుర్తుపట్టి తల వంచుకున్నాడు. పడమరకు విప్పి కట్టాడు. తూర్పుకు విప్పి కట్టాడు. పత్తికి మందు కొట్టడానికి పోయే కూలీలెవరో పలకరించారు.

"ఏం సుభానీ, మీ పార్టీయే గెలిచిందంటగా!"

"నాకు పార్టీ ఏందిరా. నాది ఈ గుంట."

పొద్దు నడినెత్తికొచ్చాక పేట వంతు వచ్చింది. ఆ రోజు కరెంటు పోలేదు, మోటారు ఆగలేదు, ట్యాంకులో నీళ్ళు బాగానే ఉన్నాయి. సాయంత్రం బజార్లకు ఉంచాలని ఎప్పుడూ పేటకు కొద్దిగానే విప్పేవాడు. ఈసారి పిడి ఎందాకా తిరిగితే అందాకా తిప్పాడు. ఛాతీలో పట్టేసినట్టుంటే గుంట గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

కట్టేవాడు లేక నీళ్ళు పోతూనే ఉన్నాయి. పేటలో బిందెలు నిండాయి, బానలు నిండాయి, ఆఖరికి అన్నం గిన్నెలు కూడా నిండాయి. మా ఆయన మాట నిలబెట్టుకున్నాడని కరీమున్ వీధంతా చెప్పుకొని మురిసిపోయింది.

సాయంత్రం కుళాయిల్లో చుక్క రాక రెండు బజార్లూ ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ట్యాంకు మీదికి వచ్చాయి. గుంటలోకి తొంగిచూసి నోళ్ళు మూశాయి. శివరామకృష్ణ దిగి ముందు వాల్వు కట్టాడు, ఆ తర్వాతే మనిషిని ముట్టుకొని చూశాడు. "పాపం" అన్నాడు యలమందయ్య. పిడి వంక చూసి, "రేపట్నుంచి ఎవడు తిప్పుతాడ్రా?" అన్నాడు. రెండు పార్టీలూ కలిసి ఆలోచనలో పడ్డాయి.

పేటవాళ్ళు మంచం తెచ్చి మోసుకుపోయారు. కడసారి స్నానానికి ఏ బజారునూ నీళ్ళు అడగాల్సిన అవసరం రాలేదు. కరీమున్ తన బానలోంచే బిందెలు ముంచి ఇచ్చింది.

గుంటలోకి దిగేముందు తడుస్తుందని విప్పి తగిలించిన చొక్కా ట్యాంకు పక్కన తుమ్మకొమ్మకు ఇంకా వేలాడుతూనే ఉంది.