వెంట మనిషి

భాగ్యలక్ష్మి జొన్నరొట్టె తడుతుంటే, పీట మీద కూర్చున్న ఐలేశం ఆమె ఒంటి నొప్పి గురించి మళ్ళీ అదే మాట అన్నాడు. "నొప్పి పెయ్యికి. నువ్వంటే పెయ్యి గాదు, మనసు గాదు. గది తెల్వకనే గింత లొల్లి." సత్సంగంలో చేరి ఏడాది కాలేదు, మొగుడికి ఇంత బ్రహ్మజ్ఞానం అబ్బింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మొన్న తన పన్ను సలిపినప్పుడు మాత్రం తెల్లారకముందే పాలమూరు దవాఖానకు బస్సెక్కాడు మహానుభావుడు.

ఆమెకు గర్భసంచి జారింది. రెండో కాన్పయిన పన్నెండో రోజే, "గొర్లు ఆగుతయా, బాలెంతవని?" అంటూ అత్త లక్ష్మీనర్సమ్మ మంద వెంట తోలింది. అప్పుడు మొదలైంది. ఇప్పుడు నీళ్ళబిందె ఎత్తితే లోపలిది బయటికొస్తుంది. పాత చీరపేలిక బిగించి కట్టుకుని గొర్రెల వెనక నడుస్తుంది. గురువారం ఆపరేషన్ చేస్తామని, వెంట మనిషి రావాలని డాక్టరమ్మ చెప్పింది.

"బేస్తవారం సంది పది దినాలు ఆశ్రమంల మౌనం ఉన్నది నాకు. వచ్చినంక సూద్దాం తియ్యి," అన్నాడు ఐలేశం. ఈ 'వచ్చినంక' ఇది మూడోసారి.

అతని మాట నిజమే కావచ్చని ఆమె కూడా ప్రయత్నించింది. బీడులో కళ్ళు మూసుకుని, ఇది నేను కాదు, ఈ మంట నాది కాదు అనుకుంది. సాయంత్రానికి పేలిక నిండా నెత్తురు. మరి రొట్టె తట్టేది ఏది? పక్కలోకి రమ్మన్నప్పుడు అతను పిలిచేది దేన్ని? ఆ పూట 'నువ్వు పెయ్యి గాదు' అని ఒక్కసారన్నా అనడేం? ఒళ్ళు నాది కాదని వదలాలంటే, ముందు ఒక్క దినమన్నా అది తనదై ఉండాలి కదా. పుట్టింట్లో అది అయ్యది, ఇక్కడ మొగుడిది, మందది. ఏ పూటా తన చేతికి రాలేదు.

గురువారం అతను ఆశ్రమానికి వెళ్ళగానే, మందను పక్కింటి మారెమ్మకు అప్పజెప్పి ఒక్కతే దవాఖానకు వచ్చింది.

"వెంట ఎవలొచ్చిన్రు?" అంది నర్సు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"ఎవ్వల్లేరు సిస్టర్."

"సంతకం పెట్టెటోల్లు లేకుంటే చెయ్యం. మీ ఆయనకు ఫోన్ గొట్టు."

మూడుసార్లు చేసింది. మౌనంలో ఉన్నవాడి ఫోన్ మోగుతుందా? వెనకనున్న వాళ్ళు జరగమంటున్నారు. ఇప్పుడు తిరిగిపోతే మళ్ళీ పేలిక, మళ్ళీ మంద, మళ్ళీ వేదాంతం. బల్ల అంచు పట్టుకుంది.

"జబ్బు గీ పెయ్యికి, సిస్టర్. దాని వెంట వచ్చిన మనిషిని నేనే. నేనే పెడత సంతకం."

నర్సు తల ఎత్తి విసుగ్గా చూసింది. "మజాకా? ఏమైతవమ్మా నువ్వు దానికి?"

భాగ్యలక్ష్మి బల్ల మీది పెన్ను అందుకుంది.

"ఇన్నేండ్లు దానికి నేనేం కాలే," అంది.